నీడ పెరట్లో మనోరంజితం

మిద్దెల మధ్య పెరట్లో ఎండ తక్కువ, నేలేమో ఎప్పుడూ చెమ్మ. అలాంటి చోట మల్లెతో తంటాలు పడకుండా మనోరంజితం పెట్టి చూడండి. మన దక్షిణాది మొక్కే. మా తిరుపతిలో అక్టోబరు నుంచి ఈశాన్య వానలు గట్టిగా పడతాయి కాబట్టి ఎర్రమట్టిలో ఇసుక, చివికిన పేడ ఎరువు కలిపి కాస్త ఎత్తు చేసి నాటండి. తేమ ఉండాలి గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు.

అసలు మాట ఇది: కొమ్మల మీద కొక్కేల్లా వంగిన కాడలుంటాయి, వాటిని కత్తిరించకండి. పూలు వచ్చేది వాటికే! తెలీక ఒక ఏడాది అన్నీ తీసేశాను, ఎంత బాధపడ్డానో. పువ్వు ఆకుపచ్చగా ఉండగా కోయొద్దు. పసుపు తిరిగాక ఒక్కటి గిన్నెడు నీళ్లలో వేయండి, ఇల్లంతా మాగిన పండు వాసన.