ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ డిగ్రీ: ఇంటి దగ్గరే ఉండి ఎలా చదవాలి?

మాది నరసరావుపేట. నాన్నది ఎరువులు, పురుగుమందుల కొట్టు. పగలు కొట్టులో కూర్చుంటూనే ఐఐటీ మద్రాస్ వాళ్ళ ఆన్‌లైన్ డిగ్రీ బీఎస్ డేటా సైన్స్ (డేటా, అంటే పోగుచేసిన అంకెలు, వివరాల నుంచి పనికొచ్చే సంగతులు రాబట్టే చదువు) చదువుతున్నాను. మందులకొచ్చిన రైతులు నా ల్యాప్‌టాప్ చూసి, "మావాడు ఇంటర్ అయ్యాడమ్మా, ఇందులో చేర్పించమంటావా?" అని అడుగుతుంటారు. చేర్పించడం తేలికే. చేరాక ఎలా చదవాలో తెలియక మధ్యలో వదిలేసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చేరే సంగతి. ఈ కోర్సు 2020లో మొదలైంది. జేఈఈ అక్కర్లేదు, వయసు పరిమితి లేదు. ఇంటర్ పాసై, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉంటే అప్లై చేయొచ్చు. 4 వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లలో కావలసిన మార్కులు తెచ్చుకుంటే క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయనిస్తారు. అది గట్టెక్కితే ఫౌండేషన్ అనే మొదటి మెట్టు, ఆ తర్వాత రెండు డిప్లొమాలు, ఆపైన డిగ్రీ. మధ్యలో ఏ మెట్టు దగ్గర ఆగినా దానికి తగ్గ సర్టిఫికెట్ ఇస్తారు. ఫీజు ఏడాదికింత అని ఉండదు, తీసుకున్న కోర్సులకే కట్టాలి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఫీజులో రాయితీ ఉంది, ఆదాయ సర్టిఫికెట్ ముందే తీయించి పెట్టుకోండి. ఊళ్ళో కాలేజీలో బీకామో, బీఎస్సీయో చదువుతూ కూడా ఇది చేయొచ్చు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి 2022లో యూజీసీ ఒప్పుకుంది.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. ఫౌండేషన్ పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. మ్యాథ్స్ 1, స్టాటిస్టిక్స్ 1 రెండింటిలోనూ మొదటి నాలుగు వారాలు వినండి. ఇంగ్లిష్ అర్థమవుతోందా, రోజూ కూర్చోగలుగుతున్నారా అన్నది మీకే తెలిసిపోతుంది. తెలుగు మీడియం వాళ్ళు వేగం తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని వింటే నెల తిరిగేసరికి అలవాటైపోతుంది.

పాఠాలు ఇంట్లోనే వినొచ్చు గానీ క్విజ్‌లు, టర్మ్ చివర వచ్చే ఎండ్ టర్మ్ పరీక్ష మాత్రం సెంటర్‌కు వెళ్ళి రాయాలి. నేను విజయవాడ వెళ్తాను. టర్మ్‌కు 12 వారాలు. ఒక్కో కోర్సుకు వారానికి పది గంటలు తీసిపెట్టాలి, కాబట్టి పని చేసుకుంటూ చదివేవాళ్ళు రెండు కోర్సులతో మొదలుపెట్టండి. వారాంతపు గడువు దాకా ఆగకుండా బుధవారానికల్లా వీడియోలు అయిపోవాలి. గురువారం నుంచి కాగితం మీద లెక్కలు. సమాధానం చూసి "ఓహో ఇంతేనా" అనుకోవడం వేరు, ఖాళీ కాగితం మీద చేయడం వేరు. కండిషనల్ ప్రాబబిలిటీ, మ్యాట్రిక్సులు నోట్‌బుక్‌లో చేత్తో చేసినవే పరీక్షలో గుర్తుంటాయి. మ్యాథ్స్ 2లోని లీనియర్ ఆల్జీబ్రాను గట్టెక్కితే చాలని చదివితే, డిప్లొమాలో మెషీన్ లెర్నింగ్ (డేటా చూపించి కంప్యూటర్‌కు అంచనా కట్టడం నేర్పే సబ్జెక్టు) మొదలైన వారానికే టెన్షన్ మొదలవుతుంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రోజూ కాసేపైనా కోడ్ టైప్ చేయాలి. దానికి కెమెరా ముందు కూర్చుని కోడ్ రాసే పరీక్ష కూడా ఉంది. కరెంటు పోతే పనికొచ్చేలా ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జింగ్, పక్కన ఫోన్ హాట్‌స్పాట్ ఉంచుకోండి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఫౌండేషన్‌లో ఉండగానే మీ చుట్టూ ఉన్న లెక్కలు ఒకటి పట్టుకోండి. పాల కేంద్రానివో, కిరాణా కొట్టువో, మీ ఇంటి కరెంటు బిల్లులవో, ఏవైనా సరే. నెట్‌లో దొరికే డేటా ఎవరో శుభ్రం చేసి పెట్టినది. దాని మీద అంచనాలు కట్టే మోడల్ నడిపితే సంబరంగానే ఉంటుంది గానీ, డేటా ఎక్కడ ఎలా తప్పుతుందో దాంట్లో కనపడదు. డిప్లొమాలో బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు ఉంటుంది, నిజమైన వ్యాపారం దగ్గరికి వెళ్ళి డేటా తెచ్చి, విశ్లేషించి, వైవాలో, అంటే నోటి పరీక్షలో, జవాబు చెప్పాలి. నేను మా కొట్టు బిల్లు పుస్తకాలే తీసుకున్నాను.

ఆ పుస్తకాల్లో ఏముంటుందో చూడండి. ఒకే మందు పేరు నాన్న చేతిరాతలో ఒకలా, గుమస్తా చేతిరాతలో ఇంకోలా ఉంటుంది. వాటన్నిటినీ ఒక పేరు కిందికి తేకపోతే ఒక సరుకు నాలుగు సరుకులైపోతుంది. "10 బస్తాలు" అని ఉంటే యూరియా అయితే 450 కిలోలు, డీఏపీ అయితే 500, ఎందుకంటే యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50. బస్తాలను బస్తాలతో కూడితే లెక్క తప్పు. తేదీలు మరీ జాగ్రత్త. మనం 05/07/2023 అని రాస్తే జులై 5. పైథాన్‌లో పట్టికలు చదవడానికి వాడే పాండాస్ అనే లైబ్రరీకి (ముందే రాసిపెట్టిన కోడ్‌కు) వదిలేస్తే దాన్ని మే 7 అనుకుంటుంది, జులై అమ్మకాలు తీసుకెళ్ళి మేలో పెడుతుంది. రోజే ముందు ఉందని దానికి చెప్పే డేఫస్ట్ (dayfirst) సెట్టింగ్‌ను ట్రూ (True) అని పెట్టాలి. పెట్టాక కూడా నెలవారీ మొత్తాలు పుస్తకంతో ఒకసారి పోల్చుకోవాలి.

స్టాటిస్టిక్స్ 1లో మీన్ (సగటు), మీడియన్ (వరసగా పేరిస్తే మధ్యలో వచ్చే అంకె) ఎందుకు వేరువేరుగా చెప్పారో ఇక్కడ తెలుస్తుంది. అయిదు బిల్లుల్లో 2, 3, 2, 4, 60 బస్తాలు ఉన్నాయనుకోండి. సగటు 14.2. కానీ ఆ అయిదుగురిలో పద్నాలుగు బస్తాలు కొన్నవాళ్ళు ఎవరూ లేరు. మీడియన్ 3, అది మామూలు రైతు కొనుగోలు. ఎంత సరుకు తెప్పించాలో తేల్చాలంటే మొత్తం చూడాలి, ఎవరికి ఎంత అమ్ముతామో తెలియాలంటే మీడియన్ చూడాలి.

మరో సంగతి, అప్పు ఖాతా. మా పల్నాడులో మిర్చి రైతు వానాకాలంలో సరుకు తీసుకెళ్తాడు, డబ్బు మాత్రం కాయలు గుంటూరు యార్డుకు చేరాక, ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. బిల్లులో చెల్లింపు గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నా చేయకండి, ఇంకా రాలేదని విడిగా రాసుకోండి. అమ్మిన తేదీ, డబ్బొచ్చిన తేదీ రెండు వేరే కాలమ్స్‌లో ఉండాలి. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులు అన్నదే మా కొట్టుకు అన్నిటికన్నా పనికొచ్చిన అంకె. ఏ నెలలో చేతిలో ఎంత డబ్బు ఉంచుకోవాలో నాన్నకు అదే చెప్పింది. ఏ లైబ్రరీ దాన్ని తనంతట తాను అడగదు, వ్యాపారం తెలిసిన మనమే అడగాలి.

డేటా అడిగేటప్పుడు మర్యాదగా, పని తక్కువగా ఉన్న వేళ వెళ్ళండి. ఎందుకు కావాలో చెప్పి, యజమాని సంతకంతో అనుమతి ఉత్తరం తీసుకోండి. ఎవరు ఎంత బాకీ ఉన్నారన్నది ఊళ్ళో పరువుకు సంబంధించిన విషయం. అందుకని రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఒక్కొక్కరికి ఒక కోడ్ ఇవ్వండి. ఏ కోడ్ ఎవరిదో రాసిన కాగితం కొట్టులోనే ఉంచి, మీ ల్యాప్‌టాప్‌లోకి కోడ్లున్న ఫైలు మాత్రమే ఎక్కించుకోండి.