మేనేజ్‌మెంట్ పోర్ట్ పలకడం లేదా? రీబూట్ జోలికి పోకండి

గరుడసేవ రాత్రి. తిరుపతిలో ఏ లాడ్జిలోనూ గది ఖాళీ లేదు, అందరూ ఫోన్లలోనే ఉన్నారు. రేణిగుంట రోడ్డులోని మా రౌటర్ రూం నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కస్టమర్లకు నెట్ బాగానే వస్తా ఉంది. ఆఫీసు నుంచి మాత్రం రౌటర్‌లోకి లాగిన్ కాలేదంట. రీబూట్ కొట్టేదా?"

వద్దన్నాను. ఆ ఒక్క మాటతో వేలమంది నెట్ నిలబడింది.

సమస్య 1: మేనేజ్‌మెంట్ పోర్ట్ (రౌటర్‌ను చూసుకోవడానికి మనం లాగిన్ అయ్యే పోర్ట్) లైటు పచ్చగానే ఉంది, పక్క ల్యాప్‌టాప్ నుంచి పింగ్ (పలుకుతోందో లేదో చూసే పరీక్ష) వస్తోంది, ఆఫీసు నుంచి రావడం లేదు

కన్సోల్ కేబుల్ (నెట్‌వర్క్ లేకున్నా రౌటర్‌లోకి నేరుగా వెళ్లే తీగ) పెట్టించి, ఏ దారిన పోతుందో చూపే 'షో రూట్' కమాండ్ పక్కన ఆఫీసు ఐపీ కొట్టమన్నాను. జవాబులో 'వయా ఎక్స్ఈ-0/0/0' అని వచ్చింది, అంటే ఇంటర్నెట్ వైపు పోర్ట్. దొంగ దొరికాడు.

మాది జూనిపర్ కంపెనీ ఎంఎక్స్ రౌటర్. అందులో మేనేజ్‌మెంట్ పోర్ట్ పేరు ఎఫ్ఎక్స్‌పీ0. అది నేరుగా రౌటింగ్ ఇంజిన్‌కి (రౌటర్ మెదడు లాంటి భాగం) చేరుతుంది, కస్టమర్ ట్రాఫిక్ అందులోంచి పోదు. కానీ మనం విడదీయకపోతే దాని రూట్లు కూడా మామూలు టేబుల్‌లోనే (ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో చెప్పే పట్టిక) ఉంటాయి. ఆఫీసు ప్యాకెట్ ఎఫ్ఎక్స్‌పీ0లో వచ్చింది, జవాబేమో డిఫాల్ట్ రూట్ (వేరే దారి రాసి లేనప్పుడు పట్టే దారి) పట్టుకుని ఇంటర్నెట్ వైపు వెళ్లిపోయింది.

పరిష్కారం: జూనిపర్ సాఫ్ట్‌వేర్ జూనోస్ 17.3 వెర్షన్ నుంచి 'సెట్ సిస్టమ్ మేనేజ్‌మెంట్-ఇన్‌స్టన్స్' అనే కమాండ్ ఉంది. దాంతో ఎఫ్ఎక్స్‌పీ0కి వేరే టేబుల్ వస్తుంది. మేనేజ్‌మెంట్ గేట్‌వేకి స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసే దారి) ఆ టేబుల్‌లో రాయండి. ఈ మార్పు కన్సోల్ నుంచే చేయండి, ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి) చేస్తే మధ్యలో తెగిపోవచ్చు. మార్పును అమలు చేసే కమాండ్ కమిట్; దాని బదులు 'కమిట్ కన్ఫర్మ్‌డ్ 10' వాడితే, మళ్లీ కమిట్ కొట్టకపోతే 10 నిమిషాల్లో పాత కాన్ఫిగ్ తిరిగొస్తుంది, టెన్షన్ ఉండదు. ఆ పోర్ట్ మీదుగా వెళ్లే సిస్‌లాగ్ (రౌటర్ పంపే లాగ్‌లు), ఎన్‌టీపీ (గడియారం సరిచేసేది)లకు కూడా కొత్త టేబుల్ పేరు చెప్పాలి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

పాత వెర్షన్ అయితే ఆఫీసు సబ్‌నెట్‌కు (ఆఫీసు ఐపీల గుంపు) మాత్రం స్టాటిక్ రూట్ రాసి, ఆ దారి వేరే రౌటర్లకు చెప్పకుండా 'నో-రీఅడ్వర్టైజ్' తగిలించండి.

సమస్య 2: పోర్ట్‌ల జాబితా చూపే 'షో ఇంటర్‌ఫేసెస్ టెర్స్'లో ఎవరూ పెట్టని 10.0.0.4, 128.0.0.1 కనిపిస్తున్నాయి

అవి లోపలి కంట్రోల్ లింకువి. రౌటింగ్ ఇంజిన్ కార్డులతో మాట్లాడుకునే దారి అది, జూనోస్ తనంతట తానే పెట్టుకుంటుంది. ఎంఎక్స్‌లో దాని పేరు సాధారణంగా ఈఎం0. చిక్కేమిటంటే జూనిపర్ వాళ్లదే క్యూఎఫ్ఎక్స్ స్విచ్‌లో ఈఎం0 అంటే మేనేజ్‌మెంట్ పోర్టే! స్విచ్‌ల మీద చేయి తిరిగిన కుర్రాళ్లు ఆ అలవాటుతో ఎంఎక్స్ ఈఎం0 మీద ఐపీ పెట్టబోతారు. దాన్ని మార్చినా, తీసేసినా రౌటర్ పనే ఆగిపోతుంది. పొరపాటున పెట్టి ఉంటే ఇంకా కమిట్ కాకముందే 'రోల్‌బ్యాక్ 0' కొట్టండి, ఆ మార్పు రద్దవుతుంది.

సమస్య 3: రెండు రౌటింగ్ ఇంజిన్లున్న రౌటర్‌లో పని ఒకదాని నుంచి రెండోదానికి మారగానే లాగిన్ పోయింది

రెండు ఇంజిన్ల ఎఫ్ఎక్స్‌పీ0లకు వేర్వేరు ఐపీలు ఇచ్చి, మూడో ఐపీకి 'మాస్టర్-ఓన్లీ' పెట్టండి. ఏ ఇంజిన్ మాస్టర్ (అప్పుడు పని నడిపేది) అయితే ఆ ఐపీ దానికే వెళ్తుంది.