రేసింగ్ టీమ్ వెనక అసలు ఓనర్ ఎవరో వెతకడం ఎలా

2020 ఆగస్టులో ఫార్ములా వన్ టీమ్ విలియమ్స్‌ను డోరిల్టన్ క్యాపిటల్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ 152 మిలియన్ యూరోలకు కొంటోందని ప్రకటన వచ్చింది. కాగితాల మీద కొన్న కంపెనీ పేరు బీసీఈ లిమిటెడ్. అంతే, బెర్నార్డ్ చార్లెస్ ఎకిల్‌స్టోన్ పొడి అక్షరాలు అవేనని జనం పట్టేశారు, పైగా ఆయన ఒకప్పుడు బ్రాబమ్ టీమ్ ఓనర్, 2017 దాకా ఫార్ములా వన్ మొత్తాన్ని నడిపిన మనిషి, కాబట్టి వెనక ఉన్నది ఆయనేనని పుకారు ఊపందుకుంది. సంబంధం లేదని ఖండన కూడా వచ్చింది. ఇలాంటి మాట విన్నప్పుడు మనమే చూసుకోవచ్చు.

ముందు టీమ్ పేరు వదిలేసి దాన్ని నడిపే కంపెనీ పేరు పట్టుకోండి. విలియమ్స్‌కి అది విలియమ్స్ గ్రాండ్ ప్రి ఇంజినీరింగ్ లిమిటెడ్. చాలా టీమ్‌లు బ్రిటన్‌లోనే ఉన్నాయి కనుక అక్కడి ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్ అయిన కంపెనీస్ హౌస్ సైట్‌లో ఆ పేరు కొడితే డైరెక్టర్లు, ఏటా ఇచ్చే లెక్కలు ఫ్రీగా దొరుకుతాయి. 25 శాతం దాటి వాటా ఉన్నవాళ్ల పేర్లు కూడా 2016 నుంచి అక్కడ చూపించాలి. మనిషి బదులు ఇంకో కంపెనీ కనిపిస్తే దాన్నీ వెతకండి, అలా పైపైకి వెళ్తూ ప్రతి మెట్టూ తేదీతో సహా రాసుకోండి.

అదే సైట్‌లో తాకట్ల జాబితా, అంటే కంపెనీ ఆస్తుల మీద అప్పిచ్చినవాళ్ల వివరాలు, మాత్రం అస్సలు వదలొద్దు, నాకైతే అన్నిటికంటే ఎక్కువ సంగతులు అందులోనే దొరుకుతాయి. అమ్మకానికి ముందు విలియమ్స్ ఆస్తుల మీద అప్పిచ్చినవాళ్లలో డ్రైవర్ నికోలస్ లతీఫీ తండ్రి కంపెనీ ఉందని బయటపడింది ఆ కాగితాల వల్లే. అప్పిచ్చినంత మాత్రాన ఓనర్ అయిపోరు, కానీ టీమ్ ఎవరి మాట వినాల్సి వస్తుందో అర్థమవుతుంది.

దారి ఒక ఫండ్ (పలువురి డబ్బు పోగుచేసి పెట్టుబడి పెట్టేది) దగ్గరో, వివరాలు బయటపెట్టని దేశంలోని కంపెనీ దగ్గరో ఆగిపోవచ్చు. ఫండ్ నడిపేవాళ్లు వేరు, అందులో డబ్బు పెట్టినవాళ్లు వేరు, రెండోవాళ్ల పేర్లు చాలాసార్లు కనిపించవు. ఆ ఖాళీలో మీకు తోచిన పేరు పెట్టేయకండి. డైరెక్టర్లు, వాటాలు, అప్పులు, వీటిలో ఏదో ఒకటి ఆ మనిషి వైపు చూపించాలి. మూడు అక్షరాలు కలవడం తప్ప ఇంకేం లేకపోతే అది పుకారే, అలాగే రాయండి.

కంపెనీస్ హౌస్‌లో ఆ కంపెనీ పేజీలోనే ‘ఫాలో’ నొక్కితే కొత్త కాగితం దాఖలైన ప్రతిసారీ మెయిల్ వస్తుంది.