పేపర్ పంపాక ఎక్కడ ఆగింది? పీర్ రివ్యూ చిక్కులు, వాటికి దారులు

"సార్, జర్నల్‌కి పరిశోధన పేపర్ పంపి నాలుగు నెలలైంది, ఏ కబురూ లేదు" అని స్కాలర్లు ఫోన్ చేసినప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే: స్టేటస్‌లో ఏముంది? పోర్టల్‌లో కనిపించే ఆ రెండు మాటలను బట్టి పేపర్ ఎవరి దగ్గర ఆగిందో చాలావరకు చెప్పొచ్చు.

మనం సబ్‌మిట్ నొక్కగానే ముందు జర్నల్ ఆఫీసువాళ్లు ఫార్మాట్, సిమిలారిటీ (ఇదివరకే అచ్చయిన రాతలతో పోలిక) చూస్తారు. తర్వాత ఎడిటర్, ఆయన నుంచి అసోసియేట్ ఎడిటర్, అక్కడి నుంచి ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లు, అంటే అదే రంగం తెలిసినవాళ్లు. వాళ్లు చదివి చూడడమే పీర్ రివ్యూ. వాళ్లు సలహా ఇస్తారు, నిర్ణయం ఎడిటర్‌ది. నేను మొదట రచయితగా, తర్వాత రివ్యూయర్‌గా, మూడేళ్లు అసోసియేట్ ఎడిటర్‌గా కూడా ఈ దారంతా చూశాను. అవతల ఉన్నది పైసా తీసుకోకుండా, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక మన ఫైల్ తెరిచే ఒక మనిషి. కింద చెప్పే పరిష్కారాలన్నీ ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవే.

సమస్య: మూడు రోజుల్లోనే తిరిగొచ్చింది

దీన్ని డెస్క్ రిజెక్ట్ అంటారు. పేపర్ రివ్యూయర్ల దాకా వెళ్లనే లేదు. ఎక్కువగా కారణం ఆ జర్నల్ పరిధిలోకి మన విషయం రాకపోవడం. మీ రెఫరెన్సుల జాబితాలో ఆ జర్నల్‌లో వచ్చిన పేపర్ ఒక్కటి కూడా లేదంటే అప్పుడే అనుమానించాలి. గత రెండేళ్ల సంచికల విషయసూచికలు ఒక గంట కూర్చుని చూస్తే ఈ దెబ్బ తప్పుతుంది.

రెండో కారణం సిమిలారిటీ. 2018 యూజీసీ నిబంధనల పుణ్యమా అని పోలిక 10 శాతం లోపుంటే చాలనే మాట మన దగ్గర అందరికీ నోటికి వచ్చేసింది. ఎడిటర్ మాత్రం ఆ పోలిక ఎక్కడుందో చూస్తారు. ప్రయోగ పద్ధతి రాసిన చోట పాత వాక్యాలు కొన్ని కలిస్తే సర్దుకుంటారు. ఫలితాల చర్చలో ఒక పేరా మొత్తం ఎక్కడిదో తెచ్చి పెడితే 8 శాతం దగ్గరే వెనక్కి పంపేస్తారు.

సమస్య: నెలలు గడిచినా కదలడం లేదు

"విత్ ఎడిటర్" అనో "అవెయిటింగ్ రివ్యూయర్ సెలెక్షన్" అనో ఉంటే రివ్యూయర్లు ఇంకా కుదరలేదు. "అండర్ రివ్యూ" అంటే ఎవరో ఒకరు చదవడానికి ఒప్పుకున్నారని చాలా జర్నళ్లలో అర్థం. "రిక్వైర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్" వచ్చిందంటే రిపోర్టులు చేరాయి, ఇక ఎడిటర్ వంతు.

మధ్యలో ఏం జరుగుతుందో ఒక పేపర్ కథ చెబుతాను. అసోసియేట్ ఎడిటర్‌గా దాన్ని రివ్యూ చేయమని నేను పదకొండు మందిని అడిగాను. నలుగురు జవాబే ఇవ్వలేదు. ముగ్గురు టైమ్ లేదన్నారు. ఒకరి మెయిల్ అడ్రస్ పనిచేయక వెనక్కి వచ్చింది. ఒకాయన, ఈ రచయితతో కలిసి ఇదివరకు పేపర్ రాశాను, నేను చదవకూడదు అని తప్పుకున్నారు. మిగిలిన ఇద్దరూ ఒప్పుకున్నారు. అందులో ఒకామె మూడు వారాల్లో చక్కటి రిపోర్టు పంపారు. రెండో ఆయన రెండుసార్లు గడువు పెంచమని అడిగి, ఆ తర్వాత మాట్లాడడం మానేశారు. పన్నెండో మనిషి కోసం నేను మళ్లీ మొదటి నుంచి వెతికాను. ఆ ఇద్దరూ ఒప్పుకున్నప్పటి నుంచి రచయితకి కనిపించింది "అండర్ రివ్యూ" ఒక్కటే. ఆ అబ్బాయి పడిన టెన్షన్ నాకు తెలుసు, నేనూ పడ్డవాణ్ణే.

ఏం చేయాలంటే, పేపర్ పంపేటప్పుడే రివ్యూయర్ల పేర్లు అడిగే పెట్టెను ఖాళీగా వదలకండి. మీ టాపిక్ మీద ఈమధ్య రాసినవాళ్లు నలుగురి పేర్లు, వాళ్ల సంస్థ మెయిల్ అడ్రస్‌లు ఇవ్వండి. మీ గైడ్‌తో కలిసి రాసినవాళ్లను ఇవ్వకండి. ఆ రివ్యూయర్లకి సంస్థ మెయిల్ బదులు జీమెయిల్ పెడితే ఎడిటర్లు అనుమానంగా చూస్తారు, దానికి కారణం ఉంది: దొంగ మెయిల్ ఐడీలతో తమ పేపర్లను తామే రివ్యూ చేసుకున్న వ్యవహారం బయటపడి జర్నళ్లు ప్రచురించే స్ప్రింగర్ సంస్థ 2015లో 64 పేపర్లను వెనక్కి తీసుకుంది.

మూడు నెలలు దాటితే ఒక మర్యాదైన మెయిల్ రాయొచ్చు, తప్పేమీ కాదు. సబ్జెక్టులో పేపర్ నంబరు పెట్టండి. ఫలానా తేదీన పంపాను, స్టేటస్ ఫలానా తేదీ నుంచి మారలేదు, రివ్యూయర్ల పేర్లు ఇంకా కావాలంటే ఇస్తాను. అంతే, నాలుగు వాక్యాలు చాలు. ఆ చివరి వాక్యం ఎడిటర్‌కి నిజంగా పనికొస్తుంది. "నా పీహెచ్‌డీ ఆగిపోతుంది" అని రాస్తే ఆయన జాలిపడగలరు, రివ్యూయర్‌ని మాత్రం పుట్టించలేరు.

విసుగొచ్చి అదే పేపర్‌ని రెండో జర్నల్‌కి పంపడం మాత్రం వద్దు. ముందు వెనక్కి తీసుకుంటున్నామని రాసి, వాళ్లు సరేనన్నాకే ఇంకోచోటికి.

సమస్య: మేజర్ రివిజన్, ముప్పై ప్రశ్నలు

మేజర్ రివిజన్ అంటే పేపర్‌ని బాగా సవరించి మళ్లీ పంపమనడం. ముందుగా ఒక మాట: ఇది మంచి వార్త. ఇంత రాశారంటే ఎవరో మీ పేపర్‌ని శ్రద్ధగా చదివారు. మెయిల్ చదివి మూసేసి, రెండు రోజులు ఆగి మళ్లీ తెరవండి. మొదటి రోజు అవమానంలా కనిపించిన వాక్యం మూడో రోజు సూచనలా కనిపిస్తుంది.

జవాబు లేఖలో ప్రతి ప్రశ్ననీ ఉన్నదున్నట్టు కాపీ చేసి, దాని కిందే జవాబు, మార్పు చేసిన పేజీ, లైను నంబరు ఇవ్వాలి. ఇక్కడ జరిగే తప్పు చూపిస్తాను. నల్గొండ బోరునీళ్లలో ఫ్లోరైడ్ గురించి రాసిన పేపర్ అనుకోండి. రివ్యూయర్ అడిగారు: "శాంపిళ్లు ఏ నెలలో తీశారో లేదు. వానలకు ముందా, తర్వాతా?"

చాలామంది రాసే జవాబు: "విలువైన సూచనకు ధన్యవాదాలు. సూచించిన ప్రకారం పేపర్‌ని సవరించాం." ఇది చదివిన రివ్యూయర్ ముప్పై పేజీలు మళ్లీ వెతుక్కోవాలి. విసిగిపోతారు.

రాయాల్సిన జవాబు: "శాంపిళ్లన్నీ మే నెలలో, వానలకు ముందు తీశాం. ఈ సంగతి 5వ పేజీ 112వ లైనులో చేర్చాం. వానల తర్వాతి శాంపిళ్లు మా దగ్గర లేవు. అందుకే ఈ అంకెలు ఏడాది పొడవునా వర్తిస్తాయన్న వాక్యాన్ని తీసేసి, ఈ పరిమితిని 14వ పేజీలో చెప్పాం."

లేని డేటాని లేదని చెప్పడానికి మన పిల్లలు ఎందుకో భయపడతారు. రివ్యూయర్‌గా నాకు ఆ ఒక్క వాక్యం చూస్తే పేపర్ మొత్తం మీద నమ్మకం పెరుగుతుంది. రివ్యూయర్ అడిగినవన్నీ చేసి తీరాలని కూడా లేదు. చేయలేకపోతే ఎందుకో కారణం చెప్పండి. జవాబు ఇవ్వకుండా దాటేయడమే నేరం.

సమస్య: ఒక రివ్యూయర్ పెంచమన్నారు, ఇంకొకరు కోయమన్నారు

ఎడిటర్ మెయిల్ మళ్లీ చదవండి, ఆయన ఎటు మొగ్గారో తరచుగా అందులోనే ఉంటుంది. లేకపోతే ఒక దారి ఎంచుకుని, ఎందుకో ఇద్దరికీ కనిపించేలా రాయండి. తన ఆరు పేపర్లు రెఫరెన్సుల్లో చేర్చమని ఒక రివ్యూయర్ అడిగితే, విషయానికి తగినది ఒకటో రెండో చేర్చి, మిగతా సంగతి ఎడిటర్‌కి విడిగా రాయండి. అలా ఒత్తిడి పెట్టడం తప్పు అని ఎడిటర్లకీ తెలుసు.

సమస్య: రివ్యూయర్‌కి నా పేపర్ అర్థమే కాలేదు

ఈ మాట వినగానే నాకు 1936 గుర్తొస్తుంది. గురుత్వ తరంగాలు (భారీ వస్తువుల కదలికతో విశ్వంలో పుట్టే అలలు) లేవని తేలుస్తూ ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి ఫిజికల్ రివ్యూ జర్నల్‌కి పేపర్ పంపారు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని ఒక రివ్యూయర్‌కి ఇచ్చారు. పది పేజీల అభ్యంతరాలు వచ్చాయి. అచ్చు కాకముందే నా పేపర్‌ని ఇతరులకు చూపించమని నేను చెప్పలేదే అని ఐన్‌స్టీన్ కోపంగా జవాబు రాసి, పేపర్ వెనక్కి తీసుకున్నారు. తీరా చూస్తే తప్పు పేపర్‌లోనే ఉంది. 1937లో అది ఇంకో జర్నల్‌లో వచ్చేసరికి ముగింపు తలకిందులైంది. ఆ రివ్యూయర్ హోవర్డ్ రాబర్ట్‌సన్ అని దశాబ్దాల తర్వాత గానీ లోకానికి తెలియలేదు. 2015లో అమెరికాలోని లైగో పరికరాలు ఆ తరంగాలను పట్టుకున్నాయి.

కాబట్టి అపీలు రాసేముందు ఆ పేరా ఒక్కటి వేరే ల్యాబ్ మిత్రుడికి ఇచ్చి చదివించండి. అతనూ అక్కడే ఆగితే లోపం మన రాతలో ఉంది. రివ్యూయర్ ఒక వాస్తవాన్ని పొరబడ్డారని ఆధారంతో చూపగలిగితేనే అపీలు. ఇక రిజెక్ట్ అయిందని, ఒక్క అక్షరం మార్చకుండా ఇంకో జర్నల్‌కి పంపకండి. మన రంగాలు చిన్నవి. అదే పేపర్ అదే రివ్యూయర్‌కి వెళ్లడం నేను ఎడిటర్‌గా కళ్లారా చూశాను.

సమస్య: రెండు రోజుల్లోనే యాక్సెప్ట్ అయింది

ఇదే అన్నిటికంటే పెద్ద సమస్య. పైన చెప్పిన పదకొండు మంది కథ గుర్తుంచుకోండి: రెండు రోజుల్లో ఎవరూ చదవలేదనే అర్థం. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక విలేకరి, కావాలనే తప్పులతో నింపిన పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు సరేనన్నాయి. జర్నళ్లు నడిపే మన హైదరాబాద్‌లోని ఒమిక్స్ సంస్థ మీద, రివ్యూ గురించి తప్పుడు మాటలు చెప్పి ప్రచురణ ఫీజుల సంగతి దాచిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది.

నమ్మదగిన జర్నళ్ల పేర్లతో ఉండే యూజీసీ-కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేశారు, ఇక చూసుకోవాల్సింది మనమే. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరికి, నిజంగా మీరు అందులో ఉన్నారా అని మెయిల్ చేయండి. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా అయిన డీవోఏజేలో వెతకండి. డబ్బు కట్టకముందే అయితే వెంటనే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. వాళ్లు ఉపసంహరణ ఫీజు అడిగితే కట్టకండి, గైడ్‌కి, లైబ్రేరియన్‌కి ఆ మెయిళ్లన్నీ చూపించండి.

సమస్య: రివ్యూ చేయమని నాకే మెయిల్ వచ్చింది

భయపడకండి. మీ పేపర్ చదివి మీకు ఈ విషయం తెలుసని ఎవరో నమ్మారు. సారాంశం చదివి, మీ రంగమేనా, గడువులోగా వీలవుతుందా చూసుకోండి. వీలైతే గైడ్‌కి చెప్పి ఒప్పుకోండి. ఆ ఫైల్‌ని స్నేహితులకు పంపడం, ఏఐ చాట్‌లో పెట్టడం చేయకండి, అది ఇంకొకరి రహస్యం. వీలవకపోతే అదే రోజు డిక్లైన్ నొక్కి, చేయగలవాళ్లవి రెండు పేర్లు రాయండి. అవతల ఒక ఎడిటర్ పన్నెండో మనిషి కోసం వెతుకుతూ ఉంటారు.