గాజు గ్లాసుల్లో నీళ్లు పోసే ముందు

సిరొంచలో వేసవి సెలవులంటే మా ఇంట్లో పిల్లల ప్రయోగాలే. మొదలుపెట్టే ముందు ఇవి చూసుకుంటాం.

☐ గ్లాసును వెలుతురుకి ఎత్తి, అంచు చుట్టూ చూడండి. వెంట్రుకంత గీత కనబడినా పక్కన పెట్టేయాలి.

☐ మరిగే నీళ్లు మామూలు గాజులో వద్దు. లోపలి వైపు వేడికి వ్యాకోచిస్తుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది, టప్పుమని పగులుతుంది. దళసరి గాజు గట్టిదనుకుంటాం గానీ ముందు పగిలేది అదే. మా పచ్చడి సీసా అలాగే పోయింది! వేడి నీళ్లే కావాలంటే బోరోసిలికేట్ (వేడిని తట్టుకునే గాజు) బీకరు.

☐ నిండు సీసాను ఫ్రీజర్‌లో పెట్టొద్దు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది.

☐ వడపోతకు ప్రాణహిత నీళ్లు తెచ్చారా? తేటగా దిగినా తాగొద్దు.

☐ కాళ్లకు చెప్పులు.

☐ పగిలితే చీపురు, చేట. సన్న ముక్కలకు తడి కాగితం.