శాంతి దారిలో వాక్య పఠనం – 4వ పాఠం: కత్తి కనబడే వచనాలు

పోయిన పాఠంలో మత్తయి 5వ అధ్యాయంలోని, ఒక చెంప మీద కొడితే రెండోదీ చూపమన్న మాటను యోహాను 18:22-23 పక్కన పెట్టుకొని చదివాం. విచారణ జరుగుతుండగా ఒక బంట్రౌతు కొడితే యేసు తిరిగి కొట్టలేదు. అలాగని నోరు మూసుకొని ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చెప్పు, మంచి మాట అయితే నన్నెందుకు కొడుతున్నావని నిలదీశాడు. చెయ్యి ఎత్తకపోవడం వేరు, లొంగిపోవడం వేరు అని అక్కడ గమనించాం.

అంతవరకు ఒప్పుకున్నవాళ్లు కూడా తర్వాత అడిగే ప్రశ్న ఒకటుంది: "మరి కత్తి కొనుక్కోమన్నది ఎవరు?" నన్నూ అడిగారు. ఒక వాక్య పఠన కూటంలో శత్రువును ప్రేమించడం గురించి నేను చెబుతుంటే, ఒక పెద్దాయన కత్తి కొనుక్కోమని యేసు శిష్యులతో అన్న లూకా 22:36 బిగ్గరగా చదివి బైబిలు మూసేశారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నేను ఆ వచనాన్ని చూడనట్టే దాటుకుంటూ వచ్చాను మరి. ఇంటికి వెళ్లి ఆ అధ్యాయమంతా ఒక్క బిగిన చదివాను. ఈ పాఠంలో నేర్పబోయే పద్ధతి ఆ రాత్రి నాకు దొరికింది.

పద్ధతి చిన్నదే. కత్తి కనబడిన చోట మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ మాట చెప్పినాయన దానికి కారణం చెప్పాడా? ఆ కత్తి నిజంగా బయటికి వచ్చినప్పుడు ఆయన ఏం చేశాడు? ఆ మాట చెవులారా విన్నవాళ్లు ఆ తర్వాత ఎలా బతికారు? మూడింటికీ జవాబు మీ మనసులోంచి కాదు, వాక్యంలోంచే రావాలి. దొరక్కపోతే దొరకలేదని నోటుబుక్కులో రాసుకోండి.

ఇప్పుడు బైబిలు తెరిచి లూకా 22:35 నుంచి 53 దాకా నెమ్మదిగా చదవండి. చదివాకే కిందికి రండి.

మొదటి ప్రశ్న. కత్తి లేనివాడు తన బట్ట అమ్మి అయినా కత్తి కొనుక్కోవాలన్న మాట 36వ వచనంలో ఉంది. అక్కడే ఆగిపోతే అది ఆయుధాలు పట్టమన్న ఆజ్ఞలాగే వినిపిస్తుంది. కానీ 37వ వచనం వెంటనే కారణం చెబుతోంది: "ఆయన అక్రమకారులలో ఒకడుగా ఎంచబడెను" అన్న లేఖనం తనయందు నెరవేరాలి. ఇది యెషయా 53:12 లోని మాట. బాధపడే సేవకుడి గురించిన అధ్యాయం అది. వధకు తీసుకుపోయే గొర్రెపిల్లలా నోరు తెరవనివాడి గురించి, అన్యాయం ఏమీ చేయకపోయినా నేరస్థుల లెక్కలో పడినవాడి గురించి చెబుతుంది. అంటే కత్తి మాటకు ప్రభువు చూపిన కారణం ఆత్మరక్షణ కాదు, సువార్త కోసం పోరాటమూ కాదు. తనను దొంగల జాబితాలో వేయబోతున్నారన్నదే కారణం.

శిష్యులకు ఇది ఎక్కలేదు. "ప్రభువా, ఇదిగో ఇక్కడ రెండు కత్తులున్నవి" అన్నారు. ఆయన "చాలును" అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుదాం. పదకొండు మందికి రెండు కత్తులు దేనికి చాలుతాయి? ఆయుధాలు పట్టుకొని వచ్చే గుంపును ఆపడానికైతే చాలవు. తెలుగువాళ్లకు ఈ మాటలోని రెండో అర్థం పట్టుకోవడం తేలిక. అన్నం వడ్డించేవారితో "చాలు" అంటాం, అర్థంకాని వాదన సాగదీసేవారితోనూ "ఇక చాలు" అంటాం. ద్వితీయోపదేశకాండము 3:26లో దేవుడు మోషే అభ్యర్థనను ఆపుతూ చాలు, ఇక ఈ సంగతి నాతో మాట్లాడవద్దు అంటాడు. లూకాలోని మాటను కూడా అలాగే, సంభాషణకు తెర దించే మాటగా అర్థం చేసుకున్న వ్యాఖ్యాతలు ఉన్నారు. దారిదొంగల భయానికి ప్రయాణికులు వెంట ఉంచుకునే కత్తి గురించే ఇక్కడ చెప్పాడనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే ప్రయాణికులు పట్టుకెళ్లే డబ్బు సంచి, జాలె (భుజాన వేసుకునే సంచి) కూడా అదే వచనంలో ఉన్నాయి. అయితే రెండో ప్రశ్న వేసేసరికి ఆ వాదం నిలబడటం కష్టమవుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు అదే అధ్యాయంలో ఉంది. దాని కోసం మరో పుస్తకం తిప్పనక్కరలేదు. 49వ వచనంలో శిష్యులు కత్తితో నరకమంటావా అని అడిగారు. జవాబు వచ్చేలోపే ఒకడు ప్రధానయాజకుడి దాసుడి కుడిచెవి తెగనరికాడు. నరికినవాడు పేతురనీ, ఆ దాసుడి పేరు మల్కు అనీ యోహాను 18:10 చెబుతుంది. యేసు చాలించమన్నాడు. ఆ చెవి ముట్టి బాగుచేశాడు. ఈ స్వస్థతను నాలుగు సువార్తల్లో లూకా ఒక్కడే రాశాడు. కత్తి కొనుక్కోమన్న మాటను రాసిందీ లూకా ఒక్కడే. రెండూ ఒకే అధ్యాయంలో, ఒకే రాత్రి జరిగినవిగా పెట్టాడు. ఒకటి చదివి రెండోది వదిలేస్తే లూకా చెప్పినది మనకు చేరనట్టే. మత్తయి 26:52 అయితే ఇంకా సూటిగా ఉంది: కత్తి వరలో పెట్టు, కత్తి పట్టుకునేవాళ్లందరూ కత్తితోనే నశిస్తారు. అప్పుడు శిష్యులు కాపాడబోయింది ప్రభువునే. అంతకంటే న్యాయమైన కారణం ఎక్కడుంటుంది? దానికే ఆయన కత్తి దించమన్నాడు. పేతురు చేతిలో కత్తి తీసేయడంతోనే ప్రభువు ప్రతి సైనికుడి నడుముకట్టూ విప్పేశాడని తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియను 3వ శతాబ్దం మొదట్లో రాసింది ఈ ఘట్టం గురించే.

మూడో ప్రశ్న. అపొస్తలుల కార్యములు మొదటి నుంచి చివరిదాకా తిప్పండి. స్తెఫనును రాళ్లతో కొట్టి చంపారు. రాళ్లు పడుతుండగానే అతడు వాళ్ల కోసం ప్రార్థించాడు. 12:2లో హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. కత్తి ఉంది, కానీ అది రాజు చేతిలో ఉంది. ఆ పుస్తకం మొత్తంలో ఏ శిష్యుడూ కత్తి దూయలేదు. 36వ వచనాన్ని స్వయంగా విన్న పేతురు కూడా అంతే. ఆయన పేరుతో ఉన్న మొదటి పత్రిక 2:23 చూడండి: "ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు."

కత్తికీ బలప్రయోగానికీ ఆధారంగా చూపే మరో రెండు వచనాలు మీరే పరీక్షించగలరు గనుక దారి మాత్రం చూపిస్తాను. సమాధానాన్ని కాదు, ఖడ్గాన్ని పంపడానికి వచ్చానన్న మత్తయి 10:34 పక్కన లూకా 12:51 పెట్టండి. లూకాలో ఖడ్గం అన్న మాటే లేదు, ఆ చోట "భేదము" అని ఉంది. ఇంట్లోవాళ్లు విడిపోవడం గురించి ఆ మాట, మత్తయిలో తర్వాతి రెండు వచనాలూ చెప్పేది అదే. దేవాలయంలో కొరడా ఎత్తిన ఘట్టానికి యోహాను 2:15 చదవండి. మన తెలుగు అనువాదంలో ఆయన గొర్రెలను, ఎడ్లను తోలివేశాడనే ఉంది. డబ్బు చల్లేశాడు, బల్లలు పడదోశాడు, పావురాలు అమ్మేవాళ్లతో మాత్రం నోటితో చెప్పాడు. కోపం నిజమే, దాన్ని తగ్గించి చెప్పను. కానీ మనిషి ఒంటి మీద దెబ్బ పడినట్టు అక్కడ లేదు.

రోమా 13:4 కొంచెం కష్టం. అధికారులు ఊరకే ఖడ్గం ధరించరని పౌలు రాశాడు. ఇక్కడ ముందుగా చేయాల్సింది 12, 13 అధ్యాయాల మధ్య గీతను మనసులో చెరిపేయడం. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, వచనాల అంకెలు ఇంకా తర్వాత, 1551లో. పౌలు రాసింది గీతల్లేని ఉత్తరం. అలా ఏకబిగిన చదివితే, మీకు మీరే పగ తీర్చుకోవద్దు, శత్రువుకు ఆకలైతే అన్నం పెట్టండి, మేలుతో కీడును జయించండి అన్న మాటల వెనకే ఖడ్గం మాట వస్తుంది. సర్వనామాలు కూడా చూడండి. పగ మానుకోవలసినది "మీరు". ఖడ్గం ధరించేది "వారు". పౌలు ఈ ఉత్తరం రాసినది సుమారు 57లో, రోమా సింహాసనం మీద నీరో చక్రవర్తి ఉన్నప్పుడు. ఆ "వారు"లో విశ్వాసులను చేర్చే మాట ఒక్కటీ అక్కడ నాకు కనబడలేదు. విశ్వాసి అధికారి అయితే ఏం చేయాలన్నది మాత్రం ఈ వచనం నేరుగా తేల్చదు. ఖడ్గాలు నాగటి నక్కులుగా మారతాయని యెషయా 2:4 చెప్పిన రోజు వైపు నడిచేవాడు ఆ ఖడ్గం పట్టకూడదని నేను నమ్ముతున్నాను. కానీ అది నేను అల్లుకున్న తీర్మానం, రోమా 13 నోట పలికిన మాట కాదు. ఈ తేడా దాచిపెట్టకండి. దాస్తే, వచనం చదివి బైబిలు మూసేసినవారికీ మనకూ తేడా ఉండదు.

దేవుడే యుద్ధం చేయమన్నట్టు ఉన్న యెహోషువ యుద్ధాలను, అమాలేకీయులను నిర్మూలం చేయమన్న మొదటి సమూయేలు 15వ అధ్యాయాన్ని ఈ మూడు ప్రశ్నలతో తేల్చలేం. వాటికి 6వ పాఠం మొత్తం కేటాయించాను.

వచ్చే పాఠానికి అభ్యాసం. లూకా 3:14లో బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులకు చెప్పిన జవాబు చదివి మూడు ప్రశ్నలూ వేయండి. సైన్యం వదిలేయమని అతడు చెప్పలేదు. ఏం చేయవద్దన్నాడో, ఆ పనులన్నీ మానేస్తే ఆ కాలపు సైనికుడికి చేయడానికి ఏం మిగులుతుందో రాయండి. ఆ తర్వాత రెండవ రాజులు 6:8 నుంచి 24 దాకా చదవండి. చేతికి చిక్కిన సిరియా దండును చంపనా అని రాజు అడిగితే, ఎలీషా అన్నం పెట్టి పంపించమన్నాడు. ఆ దండులు ఇక రాలేదని 23వ వచనం చెబుతుంది. 24వ వచనంలో సిరియా రాజు మళ్లీ సైన్యమంతా కూర్చుకొని సమరయను ముట్టడించాడు. రెండు వచనాలూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి రాసి తీసుకురండి.