పిల్లల నోట్లో పుండో గడ్డో కనిపిస్తే అది మామూలుదో కాదో ఎలా తేల్చుకోవాలి?

పిల్లల నోట్లో గడ్డ కనిపించగానే పెద్దల ఆలోచన ముందుగా క్యాన్సర్ మీదికి పోతుంది. నిజానికి ఆ వయసులో నోటి క్యాన్సర్ చాలా అరుదు. తరచుగా వచ్చేవి ఏవో తెలిసి ఉంటే సగం కంగారు తగ్గుతుంది.

1. ముందు నోరంతా చూడండి. చిన్నపిల్లలైతే ఇద్దరు పెద్దలు ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చుని, బిడ్డ తల ఒకరి ఒడిలో ఉండేలా పడుకోబెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి పెదవుల లోపలివైపు, బుగ్గలు, చిగుళ్లు, అంగిలి, నాలుక కింద వరుసగా చూడాలి. ఏడిస్తే ఏడవనివ్వండి, నోరు ఇంకా బాగా తెరుచుకుంటుంది.

2. వయసును లెక్కలోకి తీసుకోండి. పుట్టిన బిడ్డ చిగుళ్ల మీద, అంగిలి మీద బియ్యపు నూకంత తెల్లని గింజలు చాలా మామూలు. వాటిని పళ్లనుకొని గిల్లకూడదు, కొన్ని వారాల్లో అవే పోతాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు జ్వరంతో పాటు చిగుళ్లు ఎర్రగా వాచి నోరంతా పొక్కితే, అది హెర్పిస్ వైరస్ మొదటిసారి సోకడం కావచ్చు. 10 నుంచి 14 రోజుల్లో తగ్గుతుంది కానీ, నొప్పికి బిడ్డ నీళ్లు కూడా తాగకపోవడమే అసలు ప్రమాదం. బడి వయసులో ఎక్కువగా కనిపించేది మామూలు నోటిపూతే.

3. గడ్డ ఎక్కడ ఉందో, ఎలా ఉందో గమనించండి. కింది పెదవి లోపల మెత్తగా, కాస్త నీలంగా ఉండే బుడగ మ్యూకోసీల్ కావచ్చు. పెదవి కొరుక్కున్నప్పుడు చిన్న లాలాజల నాళం తెగి లాలాజలం కండలోకి చేరడం వల్ల ఇది వస్తుంది, పగిలిపోయినా మళ్లీ నిండుతుంది. పిల్లల నోటి నుంచి ల్యాబుకు పంపిన ముక్కల లెక్కల్లో ఇది తరచుగా పై వరుసలో ఉంటుంది. అయితే నోటిపూతను ఎవరూ కోసి ల్యాబుకు పంపరు కాబట్టి, ఆ లెక్కలను చూసి ఇళ్లలో ఏది ఎక్కువో చెప్పలేము. పిప్పిపన్ను పక్కన చిగురు మీద వచ్చే చీముపొక్కును కూడా మామూలుగా అలా ల్యాబుకు పంపరు. నొప్పి లేదనీ, ఎలాగూ ఊడిపోయే పాలపన్నేననీ దాన్ని వదిలేస్తారు. కానీ పాలపన్ను కింద తయారవుతున్న శాశ్వత దంతాన్ని ఆ చీము పాడుచేయగలదు.

4. పళ్లు జత జతగా వస్తున్నాయా అని చూడండి. ఒకవైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా రెండోవైపు రాకపోతే ఎక్స్‌రే తీయించాలి. దవడలోని తిత్తులు, ఓడోంటోమా అనే గడ్డలు నొప్పి లేకుండా దారికి అడ్డుపడుతుంటాయి.

5. పుండు కనిపించిన తేదీ రాసిపెట్టుకొని ఫోటో తీయండి. రెండు వారాలు దాటినా మానకపోయినా, గడ్డ పెరుగుతున్నా, పెదవి తిమ్మిరెక్కినా, వేళకాని వేళ పళ్లు కదిలినా దంతవైద్యుడికి చూపించాలి. జ్వరంతో ముఖం వాచినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏడాదిలోపు బిడ్డ పుండుకు మాత్రం ఎవరు చెప్పినా తేనె రాయకండి.